ఉస్తాద్ ఇంటి మడత తలుపు

మా ఉస్తాద్ ఇక లేరని ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను తూప్రాన్‌లో ఒకరి వంటింటి తలుపు బిగిస్తున్నాను. ఆ ఇంటావిడకు విషయం చెప్పి, సామాను అక్కడే వదిలేసి బస్సెక్కాను. మెదక్ చేరేసరికి జనాజా వీధి మలుపు తిరుగుతోంది. పరుగెత్తి పాడెకు భుజం పట్టాను.

మీ ఇంట్లోనూ మడత తలుపు ఉండే ఉంటుంది. రెండు రెక్కలు మధ్యలో మడతపడి, పైన పట్టాలో రోలర్ మీద జరుగుతాయి. ఇరుకింట్లో జాగా కలిసొస్తుందని పెట్టించుకుంటాం, వానలు పడగానే పట్టేస్తోందని తిట్టుకుంటాం. బడి మధ్యలో మానేసి, ఏ పనిలోనూ నెల నిలవని నన్ను ఆయన ఈ తలుపుల దగ్గర కూర్చోబెట్టారు.

తలుపు పట్టేసిందనగానే నా చెయ్యి చిత్రిక పట్టే రందా మీదికి పోయేది. అంచు కాస్త చెక్కేస్తే అయిపోతుంది కదా అని.

"ఆగురా జర. చెక్కింది మల్ల అతికిస్తవా? ఎండకాలం గా సందులకెల్లి పిల్లి దూరుతది" అనేవారు. "ముందుగాల కింద పిన్ను చూడు. తలుపుకు రోగం కాళ్లల్లనే ఉంటది."

పిన్ను పానాతో తిప్పితే రెక్క లేస్తుంది, దిగుతుంది. పైన పిన్ను కూర్చునే బిళ్లను వదులు చేసి జరిపితే పక్క సందు సమానమవుతుంది. ఇంతవరకు ఎవరైనా నేర్చుకోవచ్చు. పని అయ్యాక ఆయన తీసి చూసేవారు కాదు, నన్నూ తీయనిచ్చేవారు కాదు. ఆ తలుపుతో అవసరం ఎవరికుందో వాళ్లను పిలిపించేవారు. అల్లాదుర్గ్‌లో ఒక ముసలమ్మ మంచం మీది నుంచి లేచి వచ్చి విసుక్కుంది.

"నన్నెందుకు పరేషాన్ చేస్తవ్? గీ పోరడు తీస్తలేడా?"

"వాని చెయ్యికి గోడ గూడ తెరుసుకుంటదవ్వా. నీ చెయ్యికి తెరుసుకోవాలె."

ఆయన భార్యను నేను ఖాలా అంటాను. పక్షవాతం వచ్చాక ఆమెకు ఎడమ చెయ్యే ఆధారం. అందుకే, ఒక చేత్తో లాగితే చాలని ఆమె గదికి ఉస్తాద్ మడత తలుపు పెట్టారు. ఆయన పోయిన రోజు, జనానికి దారి కావాలని ఎవరో రెక్కల్ని వెనక్కి బలంగా నెట్టి తాడుతో కట్టేశారు. ఆ తర్వాత అవి కదల్లేదు.

మరుసటి వారం నేను వెళ్లేసరికి కొడుకు స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఊడదీస్త భాయ్. పర్దా కడితే అయిపాయె."

గదిలోంచి ఖాలా గొంతు వినిపించింది. "పర్దా వద్దు బేటా. పొద్దుగాల్ల సంది ఇంట్ల మందే మంది. నేను జర ఏడ్సుకోవాలంటే నాకు తలుపు గావాలె."

ఆమె ఇద్దత్‌లో ఉన్నారు. భర్త పోయిన ఆ నెలల్లో పరాయి మగవాళ్ల ఎదుట పడరు. గుమ్మానికి లోపలి వైపు దుప్పటి కట్టించుకుని, దాని వెనక కూర్చున్నారు. నేను బయట నేల మీద కూర్చున్నాను. పిన్ను కూర్చునే కింది బిళ్ల వంగిపోయింది. సుత్తితో చదును చేసి, పిన్ను దాంట్లో కూర్చోబెట్టాను.

"ఖాలా, జర లాగుండ్రి."

రెక్క కొంచెం కదిలి ఆగింది.

"గట్టిగున్నదా?"

"నా చెయ్యికి గట్టిగనే ఉన్నది."

"నేను ఏస్త తియ్ అమ్మీ" అన్నాడు కొడుకు.

"నువ్వు ఊకో. రోజూ నువ్వొచ్చి ఏస్తవా?"

ఆమె ముఖం నాకు కనిపించదు. ఎంత బలం పెడుతున్నారో పట్టాలో రోలర్ చప్పుడును బట్టే తెలుసుకోవాలి. అది పైన రాసుకుంటోంది. పిన్ను కాస్త దించాను, ఆమె లాగారు. ఇంకాస్త దించాను. ఈసారి చప్పుడు ఎక్కడా తెగలేదు. దుప్పటి పక్క నుంచి అంచును పట్టుకున్న వేళ్లు కనిపించాయి, తర్వాత లోపలికి పోయాయి. రెక్కలు రెండూ చదునుగా కలుసుకున్నాయి. గడియ పడింది.

కొడుకు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. తలుపు కింది సందులో ఆమె నీడ చాలాసేపు అక్కడే ఉంది.