బావ చదివిన వైపు

పెడనలో అచ్చులు చెక్కే మా బావ పోయాడని మొన్న మంగళవారం పొద్దున్నే ఫోనొచ్చింది. నేనప్పుడు బందరు బస్టాండులో గుడివాడ బస్సు కోసం నిలబడి ఉన్నాను. గుడివాడలో నాకేం పనో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. పెడన బస్సెక్కాను.

బావ అంటే పిలుపుకే బావ. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. ఒకే టీ కొట్టు దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చుంటే చుట్టరికం దానంతటదే కలుస్తుంది. కలంకారీ బట్టమీద అద్దే టేకు అచ్చులు చెక్కడం ఆయన పని. కొత్త అచ్చు తయారైతే ముందు తన లుంగీ మీదే వేసి చూసుకునేవాడు. అందుకే ఆ లుంగీ నిండా ఎప్పుడూ సగం నెమళ్ళు, తోకలేని చిలకలు. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన షావుకారు నెమలి మెడ వంకరగా ఉందన్నాడు. "అది అటేపు చూస్తోందండీ. మీకేసి చూడమని దానికి నేనెలా చెప్పను?" అన్నాడు బావ. ఆ బేరం పోయింది.

స్క్రీన్ ప్రింటింగు వచ్చాక అలాంటి బేరాలు కూడా రావడం మానేశాయి. బావకి ఒక్కతే కూతురు. బొమ్మలు బాగా వేసేది. తండ్రి పక్కన కూర్చుని ఉలి పట్టాలని దాని ఆశ. బావ ఒప్పుకోలేదు. "ఈ ఉలి నాతోనే పోవాలి" అని, పదో తరగతి కాగానే దూరాన ఒక హాస్టలు కాలేజీలో చేర్పించాడు. రెండో ఏడు పరీక్షల ముందు అది జ్వరమని ఫోన్ చేసింది. వచ్చి తీసుకెళ్ళమంది. "పరీక్షలు కానీయమ్మా, నాలుగు రోజులేగా" అన్నాడు. నాలుగో రోజు కాలేజీవాళ్ళు ఫోన్ చేశారు.

తర్వాత దాని ట్రంకుపెట్టె ఇంటికొచ్చింది. బట్టల అడుగున ఒక జపాను బొమ్మల పుస్తకం ఉంది. మాంగా అంటారట. పెద్ద దెయ్యాల కథ, బోలెడు భాగాలట. ఇది మొదటిది, ఇంగ్లీషులో. బావకి ఇంగ్లీషు రాదు. బొమ్మలు పట్టుకునే ఏడాదిపాటు చదివాడు. టీ తాగుతూ నాకు చెప్పేవాడు.

"పిల్లని రాతిగదిలో గొలుసులేసి కట్టేశారు బావా. కొమ్ములు, కోరలు, నోటినిండా నెత్తురు. పోనుపోను కొమ్ములు తగ్గిపోతాయి, కోరలు ఊడిపోతాయి. లోపలున్న దెయ్యం బయటికొచ్చి బావిలోకి దిగిపోద్ది. అప్పుడా పిల్ల దీపం పట్టుకుని, ఇల్లెక్కడా అని తిరిగితిరిగి చూసుకుంటా వచ్చేసి, నాన్న పక్కన కూర్చుని అన్నం తింటది. అంతే కథ."

"మంచి కథే."

"కాకపోతే మా అమ్మాయి దాచుకుంటదా?"

ఇక్కడ నా ఇంగ్లీషు గురించి చెప్పుకోవాలి. నేను బడికెళ్ళింది అయిదో తరగతి దాకా. ఆ పైన నాకు పాఠాలు చెప్పినవి బందరు కోర్టు ఎదుట పకోడీలు కట్టిచ్చిన కాగితాలు. నూనె మరకల మధ్య నుంచి నేర్చుకున్న భాష కనుక, ఎక్కడ ఇంగ్లీషు అక్షరం కనిపించినా పైకి చదివి నలుగురికీ వినిపించందే నాకు తోచదు. బావ ఒకరోజు పుస్తకం కొట్టు దగ్గరికి తెచ్చాడు. ఆయన మొదలుపెట్టే పేజీలోనే పెద్ద అక్షరాలతో ఏదో ఉంది. గొంతు సవరించుకుని చదివి తెలుగు చేశాను. "ఆగండి. మీరు చివరి పేజీ తెరిచారు. ఈ పుస్తకం కుడి నుంచి ఎడమకి చదవాలి."

కొట్లో అందరూ నవ్వారు. బావా నవ్వాడు. "బతుకంతా అచ్చులు కుడిఎడమలు తిరగేసి చెక్కావు, ఇది పట్టుకోలేకపోయావా?" అన్నాను. అక్కడితో ఆగవలసింది. ఆగితే నేనెందుకవుతాను? కుడి నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పాను. తండ్రీ కూతురూ అన్నం తింటున్నారు. బావిలో ఉన్నదానికి ఊరు వంతులవారీగా మనిషిని పంపుతుంది. ఈసారి వంతు వాళ్ళది. తండ్రి కూతురి చేతికి దీపమిచ్చి ఏమంటున్నాడో అదీ చదివాను. "ఒక్క రాత్రేగా, ఓర్చుకో తల్లీ."

బావ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, టీ వదిలేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు వచ్చి కూర్చోకుండానే అన్నాడు, "ఆ పిల్ల మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది బావా. వాడు గుమ్మంలోంచి కదల్లేదు."

ఆ తర్వాత కొట్టుకి రాలేదు. ఇంటికెళ్తే టేకు ధర గురించి, ఎండల గురించి మాట్లాడేవాడు. నా కబుర్లు ముప్పై ఏళ్ళు విన్న మనిషి. ఇది ఇదివరకే చెప్పావు అని ఒక్కసారి కూడా అనలేదు. అలాంటి మనిషికి నేను చేసిన ఉపకారం ఇది. అక్షరం పొల్లుపోకుండా చదివాను కదా, నా తప్పేముందని రెండేళ్ళు సర్దిచెప్పుకున్నాను. తప్పని ఒప్పుకునేసరికి వినడానికి ఆయన లేడు.

మంగళవారం దహనం అయ్యాక నేను బయల్దేరుతుంటే చెల్లెమ్మ, అంటే బావ భార్య, ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. "ఇది మీరు పట్టుకెళ్ళండి అన్నయ్యగారూ. నేను ఇంట్లో ఉంచుకోలేను. ఆఖరి నెల్లాళ్ళూ ఆయన పనిచేసింది దీని మీదే."

బస్సులో తెరిచాను, కుడి వైపు నుంచే. ప్రతి బొమ్మలోనూ తండ్రి ముఖాన్ని సన్న ఉలితో కోసి తీసేశాడు. ఎక్కడా కాగితం చిరగలేదు, అంచు చెదరలేదు. భుజాలున్నాయి, దీపం అందిస్తున్న చేతులున్నాయి. అన్నం తింటున్న బొమ్మలో ముఖం ఉండవలసిన చోట గుండ్రటి కన్నం, అందులోంచి తర్వాతి ఆకు మీద వెళ్ళిపోతున్న పిల్ల వీపు.