నీలం దారం కట్టిన గబ్బిలం

మ్యూజియంలో అందరూ ఆవిణ్ణి చీటీలమ్మ అనేవారు. స్పిరిట్ సీసాల్లో నిలవ ఉంచిన జంతువులకు పేర్ల చీటీలు రాయడం ఆవిడ ఉద్యోగం. సీసా పైన అంటించేది ఒకటి, లోపల వేసేది ఒకటి, జంతువు కాలికి దారంతో కట్టేది ఒకటి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో పాములకూ కప్పలకూ కూడా రాసింది గానీ, ఆవిడ వాటాకు ఎక్కువగా వచ్చినవి గబ్బిలాలు. అందులోనూ పువ్వుల్లో తేనె తాగి బతికే రకం. బొటనవేలంత ఒళ్ళు, కోసుగా ఉండే మూతి, ఆ మూతిలోంచి బయటికి వేలాడే ఇంత పొడుగు నాలుక.

ఆవిడ మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. ఆ మాట గబ్బిలాల విభాగం చూసే పెద్దసారు రోజుకొకసారైనా అనేవారు. అన్న ప్రతిసారీ తనే నవ్వుకునేవారు.

ఆవిడకు ఆ ఉద్యోగం చేతిరాత పుణ్యమా అని వచ్చింది. ఇంటర్వ్యూలో కాగితమిచ్చి నాలుగు వాక్యాలు రాయమంటే అచ్చు గుద్దినట్టు రాసింది. ఆ అక్షరాలు వెళ్ళి ఎక్కడ కూర్చుంటాయో అడగాలని ఆవిడకు తోచలేదు, చెప్పాలని వాళ్ళకూ తోచలేదు. మొదటిరోజు పెద్దసారు ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టేసరికి ఆవిడ కుర్చీతో సహా గోడదాకా వెళ్ళిపోయింది. అప్పటికింకా ఆయన పెద్దసారు కాలేదు, మీసం కుదురుగా రాని చిన్నసారే.

“అది చచ్చిపోయి నలభై ఏళ్ళయిందమ్మా,” అన్నారాయన.

“అయినా నన్నే చూస్తోందండీ.”

నెలరోజులపాటు సీసాను అటు తిప్పి పెట్టుకుని రాసింది. రెండో నెలలో తనే ఇటు తిప్పుకుంది. వీపు చూస్తూ రాస్తుంటే ఎవరికి రాస్తున్నదీ తెలియడం లేదట. ఏడాది తిరిగేసరికి ఏ సీసాలో ఎన్ని ఉన్నాయో, ఏది నోరు మూసుకుందో, ఏది తెరుచుకుందో ఆవిడకు కొట్టినపిండి అయిపోయింది.

ఆవిడ భర్త దర్జీ. మ్యూజియం వెనక రెండో సందులో ఇల్లు, ఇంటి ముందు గదిలోనే కుట్టు మిషను. భార్య సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఆయన మిషను ఆపకుండానే, “మీవాళ్ళంతా కులాసాయేనా?” అని అడిగేవాడు. ఆవిడా అంతే మామూలుగా, “ఆఁ, ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు,” అనేది.

కానీ ఎక్కడివాళ్ళు అక్కడ ఉండకపోవడమే ఆ ఉద్యోగంలో అసలు బాధ.

ఇరవై ఏళ్ళ కిందట ఒకనాడు పెద్దసారు లావుపాటి పత్రిక ఒకటి చంకలో పెట్టుకొచ్చి, తేనె గబ్బిలాల చీటీలన్నీ తిరగరాయాలన్నారు. అన్నీ అంటే నాలుగు వందల పై చిలుకు. ఆవిడ సిరా బుడ్డి మూత బిగించి చేతులు కట్టుకుంది.

“ఇవేం తప్పు చేశాయండీ?”

“అవేం చెయ్యలేదమ్మా, మేమే చేశాం. పొడుగు మూతి, పొడుగు నాలుక, తేనె తాగుడు. ఇవి చూసి అన్నిటినీ ఒకే ఇంట్లో వేశాం. ఇప్పుడు లోతుగా చూస్తే రెండు ఇళ్ళవాళ్ళున్నారని తేలింది.”

ఆయన రెండు సీసాలు తెచ్చి భూతద్దం చేతికిచ్చారు. మొదటి సీసాలో గబ్బిలం నాలుక కొసన సన్నటి వెంట్రుకల్లాంటివి కుచ్చుగా ఉన్నాయి. అది నాలుకను పువ్వులో ముంచి, కుంచెతో రంగు అద్దుకున్నట్టు తేనె అద్దుకుంటుంది. రెండో సీసాలోదానికి ఆ కుచ్చు లేదు. నాలుక రెండు పక్కలా పొడుగునా గాడి ఉంది. కాలవలో నీళ్ళు పారినట్టు తేనె ఆ గాడి వెంట నోట్లోకి పాకుతుంది. వీటికి తోడు, వేరే ఖండాల్లో తేనె తాగే గబ్బిలాలున్నాయి. అవి ఈ రెండిళ్ళకూ వేలు విడిచిన చుట్టాలు కూడా కావు, పళ్ళు తినే పెద్ద గబ్బిలాల సంతానం.

ఆవిడ చాలాసేపు చూసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి ఆరోజు మాత్రం, “అయితే వీళ్ళు అక్కచెల్లెళ్ళు కారు, తోటికోడళ్ళు,” అంది.

“అంటే?”

“పుట్టిళ్ళు వేరండీ. ఒక ఇంట్లో ఇరవై ఏళ్ళు ఒకే పని చేస్తే నడకా మాటా కూడా ఒకటైపోతాయి. మా తోటికోడల్నీ నన్నూ చూసి కవలపిల్లలా అని అడిగినవాళ్ళున్నారు. పని అలా చేసింది గానీ, రక్తం కాదు.”

పెద్దసారు కాసేపు పత్రికవైపు, కాసేపు ఆవిడవైపు చూశారు. “ఇందులో అరవై పేజీలు పట్టింది,” అని గొణిగి వెళ్ళిపోయారు.

తిరగరాయడానికి మూడు నెలలు పట్టింది. ఇంట్లో భర్త రోజూ ఒకటే పాట. “ఏమే, ఇవాళ ఎంతమందికి ఇంటిపేరు మారింది? నీకు పెళ్ళయినప్పుడు ఒక్క సంతకం మార్చుకోవడానికి నెల పట్టిందే.” ఆవిడ చేతివేళ్ళు నొక్కుకుంటూ గోడకు ఆనుకుని కూర్చునేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మ్యూజియానికి ఒక ప్రింటరు కూడా వచ్చింది. చీటీలమ్మకు ఇక విశ్రాంతి అన్నారు. ఆరు నెలలు గడిచేసరికి స్పిరిట్‌లో అక్షరాలు ఊడిపోయి సీసా అడుగున నల్లటి నూకలా చేరాయి. పన్నెండు కప్పలు పేరూ ఊరూ లేకుండా మిగిలాయి. ప్రింటరును ఆఫీసు ఉత్తరాలు టైపు కొట్టుకునే గదికి పంపేశారు, ఆవిడ మళ్ళీ పాళీ అందుకుంది. ఆ విషయం ఆవిడ ఎవరి దగ్గరా ఎత్తలేదు. కానీ ఆ గది ముందునుంచి వెళ్ళినప్పుడల్లా తల కాస్త ఎత్తి నడిచేదని గుమ్మం దగ్గరి వాచ్‌మన్ చెప్తాడు.

ఇక అసలు సంగతి కిందటేడు జరిగింది.

ఎక్కడో విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధకురాలు మూడు వారాల పనిమీద వచ్చింది. ముప్పై దాటని అమ్మాయి. తేనె గబ్బిలాల నాలుకలే ఆమె చదువు. రెండోరోజుకే అందరూ నాలుకల డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు. ఉదయం తొమ్మిదికి వచ్చి సీసా తెరిచేది, ఒక్కో గబ్బిలాన్నీ పళ్ళెంలో పడుకోబెట్టి నాలుక కొలిచి, ఫొటో తీసి, తిరిగి పెట్టేది. సీసాలు అందించడం, కాలి చీటీలు చదివి చెప్పడం చీటీలమ్మ వంతు.

రెండో వారం మంగళవారం డాక్టరమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

“అమ్మా, ఈ నంబరు ఇంకోసారి చదవండి.”

చదివింది. కుచ్చు నాలుకల ఇంటి నంబరే, పేరూ అదే. కానీ పళ్ళెంలో ఉన్నదాని నాలుకకు కుచ్చు లేదు, పక్కన స్పష్టంగా గాడి ఉంది.

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. కుచ్చు ఇంట్లో గాడి నాలుక పుట్టిందంటే రెండిళ్ళనూ విడదీసిన గోడ కూలినట్టే, అని పెద్దసారును పిలుచుకొచ్చింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసి, “పళ్ళూ పుర్రే చూస్తే గానీ ఏమీ చెప్పలేం,” అన్నారు గానీ, ఆయన గొంతులోనూ హుషారు దాగలేదు. పుర్రె చూడాలంటే నోరు కొయ్యాలి, దానికి కమిటీ అనుమతి కావాలి. సోమవారానికి చూద్దామన్నారు. ఈలోగా డాక్టరమ్మ వాళ్ళ ప్రొఫెసరుకు ఈమెయిల్లో పెద్ద ఉత్తరం రాసి పంపేసింది. క్యాంటీన్‌లో అందరికీ టీ ఇప్పించింది. చీటీలమ్మకు కూడా ఒక కప్పు వచ్చింది. ఆవిడ దాన్ని తాగలేదు.

ఎందుకంటే ఆవిడ నాలుక చూడలేదు, దారం చూసింది. ఆ సీసాలో తొమ్మిది గబ్బిలాలు. ఎనిమిదింటి కాళ్ళకు మ్యూజియం వాళ్ళ తెల్లదారం. ఈ తొమ్మిదోదానికి నీలం దారం.

పందొమ్మిదేళ్ళ కిందటి ఆ రోజు ఆవిడకు కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. బల్లమీద రెండు పళ్ళేలు, ఒకదాంట్లో కుచ్చు ఇంటివాళ్ళు, ఇంకోదాంట్లో గాడి ఇంటివాళ్ళు. ఎనిమిది చీటీలు కట్టేసరికి తెల్లదారం అయిపోయింది. స్టోరు తాళాలున్న గుమాస్తా సెలవులో ఉన్నాడు. మధ్యాహ్నం ఇంటికెళ్ళినప్పుడు మిషను మీది నీలం రీలు పట్టుకొచ్చింది. వచ్చి కూర్చుని, మిగిలిన తొమ్మిదో చీటీ తీసి ఎదురుగా ఉన్న గబ్బిలం కాలికి కట్టింది. ఎదురుగా ఉన్నది ఏ పళ్ళెం?

అందరూ టీ తాగుతుండగా ఆవిడ లోపలికెళ్ళి గాడి ఇంటి సీసాను కిటికీ వెలుగులో పట్టుకుంది. డాక్టరమ్మ ఇంకా దాని జోలికి వెళ్ళలేదు. అందులో ఏడు గబ్బిలాలు, ఏడింటికీ నీలం దారమే. ఆరింటి నాలుకలకు గాడి. ఏడోదాని నాలుక కొసన చక్కటి కుచ్చు. పందొమ్మిదేళ్ళుగా అది ఎవరింట్లోనో కూర్చుని నోరు తెరిచి చూస్తోంది.

ఆ రెండు చీటీలూ విప్పి మార్చి కట్టడం ఆవిడకు ఐదు నిమిషాల పని. గదిలో ఎవరూ లేరు. చేతిలో కత్తెర కూడా ఉంది. ఆవిడ కత్తెర తెరిచింది, మూసింది. సీసాను దాని చోట పెట్టేసి, తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికెళ్ళిపోయింది.

భర్త మిషను ఆపాడు. ముప్పై ఏళ్ళలో భార్య నాలుగింటికే ఇల్లు చేరడం అదే మొదలు.

“ఎవరైనా పోయారా?”

“పోయి చాలా ఏళ్ళయింది,” అని సంగతంతా చెప్పింది.

ఆయన విని, “అంటే నా నీలం రీలు అప్పట్లో నువ్వే తీశావన్నమాట. నేను మా చెల్లెల్ని అనుమానించాను,” అన్నాడు.

“నేను చచ్చిపోతున్నాను, మీకు హాస్యంగా ఉంది.”

ఆయన కొలత టేపు మెడలోంచి తీసి పక్కన పెట్టాడు. “చూడు, చెయ్యి తిరిగినవాడు కూడా ఒక్కోసారి ఎడమ చేతి గుడ్డ కుడివైపు వేసి కుట్టేస్తాడు. విప్పి మళ్ళీ కుడితే అరగంట. తొడుక్కునేవాడు ఊరేగాక చెప్తే ఇద్దరికీ తలవంపులు. ఆ పిల్ల ఇంకా గుమ్మం దాటలేదు కదా?”

“ఉత్తరం రాసేసింది.”

“ఇంకో ఉత్తరం రాస్తుంది. చదువుకున్నవాళ్ళకి అది ఒక లెక్కా?”

మర్నాడు పొద్దున్నే చీటీలమ్మ రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి నిలబడింది. డాక్టరమ్మ వచ్చింది, వెనకే పెద్దసారు వచ్చారు. ఆవిడ ఎవరినీ చూడకుండా సీసాలనే చూస్తూ, దారం అయిపోవడం దగ్గర్నుంచి మొత్తం చెప్పేసింది. “గోడ ఏం కూలలేదమ్మా. నేనే ఒక పిల్లని గోడ అవతల పడేశాను,” అని ముగించింది.

డాక్టరమ్మ రెండు గబ్బిలాలనూ తీసి పక్కపక్కన పడుకోబెట్టింది. మూతి చూసింది, రెక్క కొలిచింది, పెదవి పైకెత్తి ముందు పళ్ళు చూసింది. ఆమె చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి.

“పెదవి ఎత్తి చూస్తే నిన్ననే తెలిసేది,” అంది చివరికి. “నేను చూడలేదు. నాకు చూడాలని లేదు.”

“నాదే తప్పమ్మా.”

“మీది దారం తప్పు. నాది చదువు తప్పు.” ఆమె కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో పెట్టుకుంది. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని చీటీలమ్మ కంగారుగా నీళ్ళ గ్లాసు అందించబోయింది. ఆ పిల్ల నవ్వుతోంది. “మా ప్రొఫెసరు రాత్రే జవాబిచ్చారు. ‘ముందు చీటీ రాసినవాళ్ళని అడుగు’ అని. ఒక్కటే వాక్యం. నాకు ఒళ్ళు మండిపోయింది.”

తర్వాతి పదిరోజులూ వాళ్ళిద్దరూ కలిసి తేనె గబ్బిలాల సీసాలన్నీ తెరిచారు. ఈసారి డాక్టరమ్మ నాలుకను చూసేది, చీటీలమ్మ దారాన్నీ రాతనూ చూసేది. చీటీలమ్మ తప్పులు ఇంకేమీ దొరకలేదు. దొరికింది ఒక్కటే. పై అరలో, వేరే ఖండం గబ్బిలం ఒకటి, పళ్ళు తినేవాళ్ళ బంధువు, కుచ్చు ఇంటివాళ్ళ సీసాలో దర్జాగా కాపురముంటోంది. తిరగరాతలో కంటపడక మిగిలిపోయిన దాని పాత చీటీ మీద రాత కోడిగీతల్లా ఉంది. కింద పొట్టి సంతకం.

పెద్దసారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. “ఇది ఎవరో చేరిన కొత్తలో రాసినట్టుంది,” అన్నారు.

“అవునండీ,” అంది చీటీలమ్మ వినయంగా. “మీసం కూడా వచ్చి ఉండదు, పాపం.”

ఆయన నాలుక కరుచుకుని, కొత్త చీటీ రాయించమని చెప్పి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ తర్వాత నోట్లో నాలుక లేని మనిషి అన్న మాట ఆయన నోట వినిపించలేదు.

డాక్టరమ్మ వెళ్ళిపోయాక ఆర్నెల్లకు వ్యాసం అచ్చయి వచ్చింది. అందులో గోడలేమీ కూలలేదు. తోటికోడళ్ళ మాట కూడా లేదు, దాని బదులు అదే అర్థం వచ్చే బారెడు మాట ఒకటి ఉంది. చీటీలమ్మకు అది నోరు తిరగలేదు. కానీ కొలతల పట్టికలో ప్రతి గబ్బిలం పక్కనా, ఇంతకుముందు ఏ వ్యాసంలోనూ లేని ఒక గడి ఉంది. కాలి చీటీ దారం ఏ రంగు అని.

భర్త ఆ పత్రిక తిరగేసి, “ఇందులో నా రీలు ఎన్నో పేజీలో ఉంది?” అని అడిగాడు. ఆవిడ పేజీ తీసి చూపించింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని ఆ వరస మొత్తం, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, వేలు పెట్టి చివరిదాకా చదివాడు.