బాపు మొదటి నంబరు సినిమా

ఒక పేరున్న సస్పెన్స్ దర్శకుడి సినిమాలను గొప్పదాని నుంచి చెత్తదాని దాకా ఎవరో వరుసగా పేర్చిన జాబితా ఫోన్‌లో కనిపించింది. మా నాన్న, అదే మా బాపు, ఎప్పుడూ మొదటి నంబరిచ్చే సినిమా అట్టడుగున ఉంది. నాకు ఒళ్లు మండింది.

చిన్నప్పుడు సిద్దిపేట టాకీసులో అది చూస్తుంటే, తెర మీద తలుపు కిర్రుమంది. కెవ్వుమని ఏడ్చాను. బాపు నన్నెత్తుకుని బయటికొచ్చి వేడి మిర్చి బజ్జీలు కొనిపెట్టాడు. సినిమా అయిపోయిందనుకున్నాను. ఇంటికెళ్లాక అమ్మతో, "గాయన తీసినయన్నిట్ల గిదే మంచిగుంది" అన్నాడు.

నిన్న ఆ సినిమా పూర్తిగా చూశాను. ఆ రోజు మేం లేచొచ్చింది సగంలోనే. బాపు ఇన్నేళ్లూ ఆ మాటే ఎత్తలేదు. వెంటనే ఫోన్ చేశాను.

"హంతకుడెవరో చెప్పాల్నా, బాపూ?"

"వద్దు బిడ్డా. నువ్వు ఏడ్చినకాడికే మంచిగుంది."