మిద్దె మీద ఆయాసం పాఠం

నేను చెప్పిన పాఠాలన్నిటిలోకీ గొప్ప పాఠం ఒకటుంది. అది విన్నవాళ్ళెవరూ చప్పట్లు కొట్టలేదు. అంబులెన్సుకు ఫోన్ చేశారు. అంత బాగా చెప్పాను.

కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. నేను పనిచేసే మెడికల్ కాలేజీ మూసేస్తే హనుమంతునిపాడు దగ్గరి మా ఊరికి చేరాను. రోగిని చూపించకుండా పిల్లలకు వైద్యం ఎలా నేర్పాలో తెలియక, మాలాంటి అధ్యాపకులం వారానికోసారి ఫోన్లలో కలుసుకుని తోచిన ఉపాయాలు చెప్పుకునేవాళ్ళం. సగం ఉపాయాలు, సగం సంతాపాలు. పోయినవారం నవ్వుతూ కనిపించిన ముఖం ఈవారం ఉండేది కాదు. అలాంటి చోట కూడా నాకు గొప్ప అనిపించుకోవాలని బుద్ధి పుట్టిందంటే, నా బుద్ధి ఎలాంటిదో మీరే ఆలోచించండి.

"ఇంట్లోవాళ్ళ చేతే రోగి వేషం వేయిద్దాం. వచ్చేవారం నేను చేసి చూపిస్తాను" అని ప్రకటించేశాను.

రోగి మా నాయన. గొర్రెలు కాసుకునే మనిషి. ఆయాసపడమంటే మందను అదిలించినట్టు "హేయ్, హేయ్" అన్నాడు.

"అట్ల కాదు నాయనా! మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందనట్టు చెయ్యి."

"ఊపిరి బాగనే ఆడతాంటే అందనట్టు ఎట్ల చేసేది రా?"

మీటింగు రోజు వచ్చింది. మా ఇంట్లో సిగ్నల్ దొరికేది మిద్దె మీదే. నులకమంచం పైకి చేర్చి, నాయనను నిచ్చెన ఎక్కమన్నాను. మెట్టు మెట్టుకూ ఆగాడు.

"అప్పుడే మొదలుపెట్టినావా? ఫోన్ పెట్టినాక చేద్దువులే!" అని నవ్వాను.

ఫోన్ పెట్టి మీటింగులో చేరేసరికి కింద నుంచి అమ్మ కేక వేసింది. "రేయ్ రమణా, మీ నాయన నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు రా! ఒళ్ళు గూడా వెచ్చగుంది."

"ఎండలో తిరిగితే వెచ్చగుండదా? మీటింగులో మాట్లాడగూడదమ్మా!"

ఫోన్‌ను మ్యూట్ చేసి, అమ్మను కూడా చేత్తో మ్యూట్ చేశాను. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నేనైతే ఆ మంట వెలుగులో వీడియో బాగా వస్తుందని సంతోషించే రకం.

మళ్ళీ మైకు తెరిచి పాఠం మొదలుపెట్టాను. "మెడ కండరాలు చూడండి. ఎలా బిగుస్తున్నాయో! మాట పూర్తి చేయలేకపోతున్నారు, గమనించారా?" నాయన అద్భుతంగా చేస్తున్నాడు. ఆగలేక చెవిలో చెప్పాను కూడా, "భలే చేస్తాండావు నాయనా!" అని.

మా అందరికీ పెద్దదిక్కైన ఒక ప్రొఫెసరమ్మ అడ్డుపడింది. "రమణ గారూ, మీ నాన్నగారి పెదవులు నీలంగా ఉన్నాయి."

"ఫోన్ కెమెరా రంగులంతే మేడమ్."

"ఆయన్ని ఒక్క నిమిషం మామూలుగా ఉండమనండి."

"నాయనా, చాలు. ఇంక ఆపు."

ఆయన ఆపలేదు. ఆపడానికి అది వేషం కాదు.

ఆక్సిజన్ కొలిచే పరికరం నా జేబులోనే ఉంది. దాని వంతు పాఠం చివర్లో వస్తుంది మరి! వేలికి తగిలిస్తే, తొంభై అయిదు దాటాల్సిన అంకె డెబ్బై రెండు దగ్గర ఆగింది.

"ఎందుకు చెప్పలేదు నాయనా?"

"నీ మీటింగు... చెడిపోతాదని..."

ఆయన్ని మంచంతో సహా ఎలా కిందికి దించామో నాకిప్పటికీ సరిగా గుర్తులేదు. ఆ మధ్యాహ్నమంతా ఉపాయాలు మానేసి, మీటింగులో ఉన్నవాళ్ళంతా అంబులెన్సుకూ, తలా ఒక ఆసుపత్రికీ ఫోన్లు చేశారు. చివరికి ఒంగోలులో ఒక మంచం ఖాళీ అయిందన్నారు. అది ఎలా ఖాళీ అయిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అక్కడ ముఖానికి మాస్కు తగిలించబోతుంటే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను... బాగా చేసినానా రా?"

ఆ ఆసుపత్రి వరండాలో గోడకు తల ఆనించి ఏడ్చాను.

నాయన బతికాడు. ఇప్పుడు మంద వెంట తిరగలేడు, మిద్దె ఎక్కలేడు. మొన్న ఆ మీటింగువాళ్ళే మళ్ళీ పాఠం చెప్పమని అడిగితే, సంగతి విని నాయన ఆగి ఆగి అన్నాడు: "ఈ తూరి నువ్వు పండుకో. పాఠం నేను చెప్తా."

కాబట్టి పాఠకులారా, సూర్యచంద్రుల సాక్షిగా, సిగ్నల్ సాక్షిగా, కన్నవాళ్ళకు రోగి వేషం కట్టించనని, అమ్మ మాట్లాడుతుంటే మ్యూట్ నొక్కనని మార్కాపురం పలక మీద రాసిచ్చాను. పలక మీది రాత తుడిచేయొచ్చు కదా అంటారేమో. ఆ పలక మా అమ్మ దగ్గరుంది.