చెవులకు చుట్టిన తువ్వాలు

సాలూరు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఆవిడ పేరు నేను అడగలేదు. నాకంటే పెద్దది. వడగాలి నేరుగా ఆమె ముఖానికే కొడుతోంది. నేను అప్పటికే చున్నీ చెవులమీదుగా చుట్టుకుని ఉన్నాను. "మీరూ కొంగు చుట్టుకోండమ్మా," అన్నాను.

"నాను సెవులు మూసుకోనమ్మా. రోడ్డు పన్లోకెళ్లేదాన్ని. సెవులు మూసుకుంటే ఎనకాల ఏటొస్తన్నాదో తెల్దు," అంది.

రామభద్రపురం దాటాక సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టారు. ముగ్గురు ఆడవాళ్లు కాళ్లతో గింజలు కెలుకుతున్నారు. డ్రైవరు హారన్ కొట్టగానే ఇద్దరు పక్కకు జరిగారు. మూడో మనిషి మాత్రం మాకు వీపు పెట్టి నడుస్తూనే ఉంది. తల, చెవులు కలిపి తువ్వాలు బిగించి కట్టుకుంది.

నా పక్కనావిడ చెయ్యి బయటికి చాచి బస్సు రేకు మీద దబదబా బాదింది.

"ఒసే, ఎనక్కి సూడే!"

డ్రైవరు బస్సును ఒక్కసారిగా పక్కకు తిప్పాడు. ఆ విసురు గాలికి తువ్వాలు జారిపోయాక గాని ఆ మనిషి ఉలిక్కిపడలేదు.

పక్కనావిడ చెయ్యి లోపలికి తీసుకుంది.

"మా సెల్లి కూడా దుమ్మని అలాగే కట్టుకున్నాది. హారన్ ఇనబళ్లేదు."

నేను చున్నీ విప్పేసి వెనక్కి చూశాను. ఆ మనిషి మా బస్సును తిడుతూ, గింజల మధ్యనే నిలబడి, తువ్వాలు మళ్లీ చెవుల మీదికి లాగి కట్టుకుంటోంది. ఆమె వెనక, మలుపు తిరిగి లారీ వస్తోంది.