పెంకుటింట్లో ఎవరుండెను?

మా భిక్షపతికి ఒకటే జబ్బు. ఒకరికి చెప్పిన చరిత్ర ఇంకొకరికి చెప్పడు.

మాదన్నపేట దగ్గర మా సర్కారు తోటలో నూరేళ్లు దాటిన చిన్న పెంకుటిల్లు ఉంది. పాత కట్టడమని తాళం వేసి కాపాడుతున్నారు. భిక్షపతి ఆ తోటకు మాలి, నేను ఆఫీసులో గుమాస్తాను. ఆ ఇంటి ముందు ఎవరైనా ఆగితే చాలు, నీళ్ల పైపు ఎక్కడిదక్కడ పడేసి పరుగెత్తేవాడు. మొక్కలకన్నా నా స్కూటరే ఎక్కువ తడిసేది.

బేగంబజార్ హమాలీ నర్సింహ ఓరోజు నడుం పట్టుకుని వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. భిక్షపతి పక్కన చేరాడు.

"ఈడ ఎవరుండెనో ఎరికేనా అన్నా? నవాబు సామాను మోసే హమాలీ! ఆయన భుజం పెట్టకుంటే పియానో మెట్లెక్కలేదు!"

మర్నాడు లెక్కల పరీక్ష తప్పిన కీర్తిప్రియ వచ్చింది. భిక్షపతి చలవతో ఆ పిల్లకు అదే ఇంట్లో నాలుగుసార్లు ఫెయిలైన ఇంజనీరు కనిపించాడు.

"మరి హమాలీ ఏమయ్యాడు?" అన్నాను.

"ఖాళీ చేసిండు సార్!"

పై అధికారి ప్రేమ్‌రాజ్ గారు ఒకే పూట రెండు చరిత్రలు విని మండిపడ్డారు. "వారంలో అసలు చరిత్ర రాసి బోర్డు పెట్టండి. దానికి విరుద్ధంగా ఒక్కమాట చెప్పినా ఇతన్ని బదిలీ చేస్తా!"

బోర్డు రాసే పని నా నెత్తిన పడింది. హెచ్చరిద్దామని వెళ్లేసరికి అరుగు మీద మాణిక్యమ్మ కూర్చుని ఉంది. కాన్పుల దవాఖానాలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి రిటైరైన మనిషి. రోజూ వచ్చి మూగగా కూర్చునేది. ఆరోజు పక్కనున్నవాళ్లతో గలగలా మాట్లాడుతోంది.

"ఈడ మంత్రసాని ఉండెనంట. రాణి పల్లకి పంపినా, చేతిల ఉన్న కాన్పు విడిచి పోలేదంట. మేం గూడ గంతే చేసినం తల్లీ!"

నేను భిక్షపతి వైపు చూశాను. వాడు గులాబీల వైపు చూశాడు.

"రిటైరైనంక ఎవ్వరూ పిలుస్తలేరని ఏడ్చింది సార్. ఏం జెయ్యాలె? ఇల్లు ఖాళీగనే ఉండె."

హెచ్చరించకుండానే ఆఫీసుకు తిరిగొచ్చాను. వారం రోజులు ఫైళ్లన్నీ దులిపాను. తుమ్ములు తప్ప పేర్లు దొరకలేదు. ఉన్నమాటే బోర్డు మీద రాయించాను: 'ఈ ఇంట్లో ఎవరు నివసించారో ఆధారాలు లేవు.' ప్రేమ్‌రాజ్ గారు ఫైలు రెండుసార్లు తిరగేసి సంతకం పెట్టారు.

చదువురాని భిక్షపతి నాచేత ఆ వాక్యం మూడుసార్లు చదివించుకున్నాడు.

"ఎవరుండెనో తెల్వదని సర్కారే ఒప్పుకుందా సార్?"

"ఒప్పుకుంది."

"అంటే హమాలీ లేడని రాయలే గదా?"

"రాయలేదు."

"మస్తు రాసిన్రు సార్! ఇగ బదిలీ ఫికరేంది!"

అప్పుడే ఆటో గేటు బయట ఆపి, మొహం వేలాడేసుకుని డానియేలు అనే డ్రైవరు లోపలికొచ్చాడు. భిక్షపతి తలపాగా సర్దుకుని ఎదురెళ్లాడు.

"రా అన్నా, కూసో. ఏం పని జేస్తవ్?"