నూరీ ఎత్తు

1998లో, హనుమాన్ జంక్షన్‌లో ఒక వేబ్రిడ్జి మీద, పదిమంది ముందు ఒక తెల్లగుర్రం పక్కన నిలబడి నేను ఒక మాట చెప్పకుండా మింగేశాను. నా చేత్తో రాసిన సర్టిఫికెట్‌లో ఉన్న ఎత్తు కొలిచి వేసింది కాదని చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. దానివల్ల ఒక మనిషికి ఉన్న ఒక్క గుర్రమూ పోయింది, పైగా దొంగ అన్న పేరు వచ్చింది. మా డిపార్ట్‌మెంట్‌లో ఈ సంగతి చాలాకాలం ఇంకోలా తిరిగింది. కుర్ర డాక్టరు ఒకడు కొలకర్ర పట్టుకెళ్ళి గుర్రాల దొంగని పట్టేశాడట అని చెప్పుకునేవారు. నా ముందే చెప్పినప్పుడు కూడా నేను దాన్ని దిద్దలేదు.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. విజయవాడలో ఒక పశువుల ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. వచ్చేవి ఎక్కువగా గేదెలు, కుక్కలు, బక్రీదు ముందు పొట్టేళ్ళు. ఆటోలు పెరిగాక జట్కాలు దాదాపు ఆగిపోయాయి. మిగిలిన కొద్ది గుర్రాలు పెళ్ళి ఊరేగింపులకు తిరిగేవి.

వించిపేట మస్తాన్ గారిది అలాంటి గుర్రమే. రైల్వే స్టేషన్ దగ్గర ఇరవై ఏళ్ళు జట్కా తోలిన మనిషి. బండి అమ్మేసి, ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొని, దానికి నూరీ అని పేరు పెట్టుకున్నాడు. వన్‌టౌన్‌లో ఒక బ్యాండు మేళం వాళ్ళు పెళ్ళిళ్ళకు పిలిచేవారు. ఆ ఏడు మేళానికి దూరపు బేరాలు రావడంతో గుర్రాన్ని లారీలో తీసుకెళ్ళాల్సి వచ్చింది. దారిలో చెక్‌పోస్టుల్లో కాగితం అడుగుతారు కాబట్టి ఆరోగ్య ధ్రువపత్రం కోసం నా దగ్గరికి వచ్చాడు.

ఆ ఫారంలో గుర్రం ఆనవాళ్ళకు కొన్ని గళ్ళు ఉంటాయి: రంగు, వయసు, ఎత్తు, మచ్చలు. నూరీ ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. వయసు పళ్ళు చూసి ఏడేళ్ళు అని వేశాను. మిగిలింది ఎత్తు.

గుర్రం ఎత్తు తలదాకా కొలవరు. తల ఎత్తుతుంది, దించుతుంది. జూలు ఆగిపోయే చోట, రెండు భుజాల మధ్య చేతికి గట్టిగా తగిలే ఎముక ఒకటి ఉంటుంది. దాన్ని విథర్స్ అంటారు. నేల నుంచి అక్కడిదాకా ఉన్నదే ఎత్తు. లెక్క అడుగుల్లో కాదు, హ్యాండ్స్‌లో. ఒక హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు. దీనికోసం మెజరింగ్ స్టిక్ ఉంటుంది. నిలువు కర్ర మీద పైకీ కిందికీ జరిగే అడ్డపట్టీ, ఆ పట్టీ వంకరగా ఉందో లేదో చూపించే చిన్న రసమట్టం. మా ఆసుపత్రిలో ఒకటి బీరువా వెనక పడి ఉండేది.

మా అటెండరు శౌరయ్య అడిగాడు. "కర్ర తీసుకురానా సార్?"

"ఎందుకయ్యా, కళ్ళు లేవా మనకి?" అన్నాను.

గుర్రం ఆసుపత్రి అరుగు వారగా రాతిబండ మీద నిలబడి ఉంది. నేను కింద మట్టిలో నిలబడ్డాను. దాని విథర్స్ నా గడ్డం దాకా వచ్చింది. నా గడ్డం ఎంత ఎత్తో నాకు తెలుసు కాబట్టి గుర్రం పదిహేను హ్యాండ్స్ అనుకున్నాను. గేదెలకూ ఎడ్లకూ మేం రోజూ చేసే పని అదే. ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మా సీనియర్లూ అలాగే రాసేవారు. గడి ఖాళీగా ఉంటే తప్పు, నిండితే ఒప్పు. అది మా అలవాటు.

మస్తాన్ గారు మాత్రం కాస్త సందేహించాడు. "పదిహేనంటే పెద్ద గుర్రమేనండి. మాది అంతుంటదంటారా?"

"నీ గుర్రాన్ని నేను ఎక్కువ చేస్తే నీకు చేదా?"

ఆయన నవ్వేశాడు. కాగితం మడిచి, చొక్కా లోపలి జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

తరువాత మూఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు. కంకిపాడు దగ్గర తెలిసినవాళ్ళ బీడులో నూరీని మేతకు వదిలాడు మస్తాన్ గారు. ఒక మధ్యాహ్నం చూస్తే గుర్రం లేదు. కాలవ గట్లన్నీ తిరిగాడు. మూడు వారాల తరువాత ఒక లారీ డ్రైవరు చెప్పాడట, జంక్షన్ దగ్గర ఒక వ్యాపారి పాకలో తెల్లగుర్రం కట్టేసి ఉందని.

ఆయన వెళ్ళి నాదంటే వ్యాపారి తనదన్నాడు. తగువు వేబ్రిడ్జి సుబ్బారావుగారి దగ్గరికి వెళ్ళింది. లారీలను తూచే కాటా ఆయనది. ఆ సెంటర్‌లో ఎవరికి పేచీ వచ్చినా ఆయన మాట వినేవారు. రెండు వైపులా కాగితాలు చూశాడాయన. మస్తాన్ గారి దగ్గర నా సర్టిఫికెట్, వ్యాపారి దగ్గర గోదావరి అవతల ఎవరో డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్. రెండింట్లోనూ తెలుపే, ఏడేళ్ళే, మచ్చలు లేవనే. ఎత్తు మాత్రం నాది పదిహేను హ్యాండ్స్, వాళ్ళది పద్నాలుగు హ్యాండ్స్ ఒక అంగుళం. మూడంగుళాల తేడా.

"నా డాక్టరుగార్నే పిలిపించండి. ఆయన కొలిచి నాది కాదంటే చెయ్యి తీసేస్తా" అన్నాడట మస్తాన్ గారు.

నేనూ శౌరయ్యా బస్సులో వెళ్ళాం. ఈసారి కర్ర పట్టుకెళ్ళాను. బస్సులో శౌరయ్య అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ, "ఆవేళ మనం కొలవలేదు కదండీ" అన్నాడు. నేను వినపడనట్టు ఊరుకున్నాను.

జంక్షన్‌లో మమ్మల్ని చూడగానే మస్తాన్ గారు ఎదురొచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. "చూడండి డాక్టరుగారూ, ఎలా చిక్కిపోయిందో" అన్నాడు. "నూరీ" అని పిలిస్తే గుర్రం చెవులు నిక్కించి, వచ్చి ఆయన భుజానికి మూతి ఆనించింది.

వ్యాపారి నవ్వాడు. "బెల్లం వాసనేస్తే నా దగ్గరికీ వస్తదండి. ఆ మాటకొస్తే మీ దగ్గరికీ వస్తది. ప్రేమలొద్దు. కాగితం చూడండి."

"ఏవయ్యా, నువ్వు కాసేపాగు" అన్నాడు సుబ్బారావుగారు. "డాక్టరుగారూ, కాటా మీద కొలవండి. అంతకంటే చదునైన నేల ఈ సెంటర్లో ఇంకోటి లేదు."

గుర్రాన్ని కాటా ఇనుప పలక మీదికి ఎక్కించాం. అప్పుడు మాత్రం అంతా పద్ధతిగా చేశాను. ముందు కాళ్ళు రెండూ ఒకే వరసలో ఉంచాను. తల మరీ పైకెత్తకుండా, మరీ దించకుండా శౌరయ్య పట్టుకున్నాడు. కర్ర నిటారుగా నిలబెట్టి, అడ్డపట్టీని విథర్స్ మీద ఆనించి, రసమట్టంలో బుడగ నడుమకు వచ్చేదాకా ఆగాను. బెదిరిన గుర్రం బిగుసుకుంటే అంగుళం పెరుగుతుంది. అందుకే అది ఊపిరి వదిలి ఒళ్ళు సడలించాక చదివాను. డెక్కకు కొట్టిన నాడా మందం తీసేశాను. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ పద్నాలుగు హ్యాండ్స్ ఒక అంగుళమే.

వ్యాపారి కాగితంలో మనిషి అబద్ధం, అంకె నిజం. దొంగిలించి తెచ్చిన గుర్రాన్ని ఎవరో డాక్టరు చేత బుద్ధిగా కొలిపించి ఉంటాడు. మస్తాన్ గారి కాగితంలో మనిషి నిజం, అంకె అబద్ధం. ఆ అబద్ధం నాది; ఆవేళ గుర్రం నిలబడ్డ రాతిబండ మందాన్ని కూడా దాని ఎత్తులో కలిపేశాను. కర్ర ఇంకా చేతిలోనే ఉండగా ఇదంతా నాకు అర్థమైపోయింది.

"మరి మీరు పదిహేనని రాశారు గదండీ. రెండు నెలల్లో గుర్రం కురచైపోద్దా?" అన్నాడు సుబ్బారావుగారు. "మీరు కొలిచే రాశారా? ఇది తేలకపోతే స్టేషన్‌కెళ్ళుద్ది. అక్కడ మీ సంతకమే ముందు చూస్తారు."

నాకు కనిపించింది స్టేషను. ఆ తరువాత మా పై ఆఫీసరు, మెమో, తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చాడన్న మాట. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. శౌరయ్య గుర్రం కళ్ళెం పట్టుకుని నా వంకే చూస్తున్నాడు.

"కొలిచే రాశాను" అన్నాను. "నేను కొలిచిన గుర్రం ఇది కాకపోయి ఉండొచ్చు."

మస్తాన్ గారు నా మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. లెక్క తప్పిన పిల్లవాడు మాస్టారి వంక చూసినట్టు చూశాడు. తరువాత గుర్రం వైపు తిరిగి, దాని నుదురు, మెడ, డొక్క తడిమాడు.

"డాక్టరుగారు అబద్ధం ఎందుకు చెప్తారండీ" అన్నాడు చివరికి. "నా కళ్ళకే ఏదో అయ్యుంటది."

వ్యాపారి గుర్రాన్ని తోలుకుపోయాడు. అది రెండుసార్లు వెనక్కి తిరిగింది. తిరుగుబస్సులో శౌరయ్య నా పక్కన కూర్చోలేదు, వెనక సీటుకు వెళ్ళాడు.

పరాయి గుర్రాన్ని తనదని కాజెయ్యబోయాడన్న కబురు మస్తాన్ గారి కంటే ముందు వన్‌టౌన్ చేరింది. మేళం వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఆయన ఇంకో గుర్రం కొనే ప్రయత్నం చేస్తే, దొంగతో బేరమెందుకని అమ్మేవాళ్ళు వెనకాడారని విన్నాను. ఇవన్నీ ఒక్కొక్కటిగా నా చెవిన పడుతూనే ఉన్నాయి. విన్న ప్రతిసారీ ఈ వారం వెళ్ళి చెప్పాలనుకునేవాణ్ణి. తరువాత బదిలీ వచ్చింది. మైలవరం వైపు వెళ్ళాను. దూరమైతే కాస్త తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

ఒక్క మార్పు వచ్చింది. చూసి రాయడం మానేశాను. దూడైనా సరే, టేపు తియ్యకుండా గడి నింపను. వర్షంలో నిలబెట్టి కొలుస్తున్నానని రైతులు విసుక్కునేవారు. నా కింద పనిచేసిన కుర్ర డాక్టర్లు నన్ను చాదస్తుడనేవారు. నేల ఏటవాలుగా ఉంటే గుర్రం ఎంత తేడా చూపిస్తుందో, జీను మీద కొలిస్తే ఎంత మోసమో, ఆనించే చోటు ఒక బెత్తెడు వెనక్కి జరిగితే ఏమవుతుందో వాళ్ళకు ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇదంతా నాకు ఎక్కడ తెలిసొచ్చిందో మాత్రం చెప్పేవాణ్ణి కాదు. జాగ్రత్త నేర్చుకుంటే చేసిన తప్పు తీరిపోతుందని కొన్నేళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. జాగ్రత్త ముందు రాబోయే గుర్రాలకు పనికొచ్చింది. మస్తాన్ గారికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

2007లో మళ్ళీ విజయవాడ వచ్చాను. ఆ ఏడే శౌరయ్య రిటైరయ్యాడు. ఆఖరి రోజు బీరువా తాళాలు నాకు ఇస్తూ అన్నాడు.

"మస్తాన్ మొన్న ఆటోనగర్లో కనపడ్డాడండి. డాక్టరుగారు బాగున్నారా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"బాగానే ఉన్నారన్నాను. ఏమంటాను?"

తొమ్మిదేళ్ళలో శౌరయ్య నన్ను నిలదీసింది అంతే. ఆ సాయంత్రం అతని వీడ్కోలుకు స్టాఫు కట్టించిన పూలదండ కంటే ఆ మాటే బరువుగా ఉంది.

మర్నాడు ఆటోనగర్ వెళ్ళాను. లారీల సీట్లకు కవర్లు కుట్టే షెడ్డులో కింద కూర్చుని, దబ్బనంతో రెగ్జిన్ కుడుతున్నాడు మస్తాన్ గారు. జీన్లు కుట్టుకున్న చెయ్యి కదా, ఆ పనిలో కుదురుకున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేవబోయాడు. నేనే కింద కూర్చున్నాను.

"మస్తాన్ గారూ, ఆ గుర్రం నూరీయేనండి. నేను మొదటిసారి కొలవలేదు. కంటితో చూసి రాసేశాను. మీరు నిజమే చెప్పారు."

ఆయన కుట్టు ఆపలేదు. నాలుగైదు పోట్లు వేశాక అడిగాడు. "మరి ఆ రోజు ఎందుకలా అన్నారండీ?"

"భయమేసింది."

"దేనికి?"

"ఉద్యోగానికి."

దబ్బనం పక్కన పెట్టాడు. "నాకూ ఒక్క గుర్రమే ఉందండి అప్పుడు" అన్నాడు. "గుర్రం పోతే పోయింది. నా గుర్రాన్ని నేనే పోల్చుకోలేదేమోనని ఎన్నేళ్ళు అనుకున్నానో తెలుసా? మా ఆవిడ కూడా ఆ మాటే అని పోయింది. నీ కళ్ళు మసకబారాయి, ఒప్పుకో అని."

చేతులు జోడించబోతే వారించాడు.

"నాకు దణ్ణాలెందుకండీ? నాకు తెలిసిందేగా. తెలియనోళ్ళకి చెప్పండి. మేళం షాపు ఇంకా అక్కడే ఉంది. బండి మీద వచ్చారా?"

"వచ్చాను."

"పదండైతే. ఇప్పుడే."

స్కూటరు వెనక ఆయన్ని ఎక్కించుకుని వన్‌టౌన్ వెళ్ళాను. మేళం షాపున్న సందు మొదట్లో దిగి, తల దువ్వుకుని, చొక్కా బొత్తాలు పైదాకా పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆ సందులో అడుగుపెట్టలేదని అప్పుడే చెప్పాడు. షాపులో ఓనరు, బాకాలు తుడుస్తున్న నలుగురు వాయిద్యగాళ్ళు ఉన్నారు. ఆయన్ని చూడగానే వాళ్ళ మాటలు ఆగిపోయాయి. "ఏం మస్తానూ, ఇలా వచ్చావు?" అన్నాడు ఓనరు, కూర్చోమనకుండా.

మస్తాన్ గారు నాకు దారిచ్చి పక్కన నిలబడ్డాడు.

నేను నా పేరు చెప్పాను, నా ఉద్యోగం చెప్పాను. "జంక్షన్ గుర్రం తగువులో మీరు విన్న డాక్టర్ని నేనే. ఆ తెల్లగుర్రం ఈయనదే. ఎత్తు కొలవకుండా కాగితం రాసింది నేను, కొలిచానని పదిమందిలో అబద్ధమాడిందీ నేనే. ఈయన దొంగ కాదు. ఆ రోజూ కాదు, ఎప్పుడూ కాదు" అన్నాను. తరువాత ఆయన వైపు తిరిగి, వాళ్ళందరికీ వినపడేలా అన్నాను.

"మస్తాన్ గారూ, తప్పు నాది. నన్ను క్షమించండి."